దోమల్లో దొరికిన వైరస్‌లు: 312 కాంటిగ్‌ల వడపోత, ప్రాజెక్టు డైరీ

దోమ ఆర్‌ఎన్‌ఏను సీక్వెన్స్ చేసి, అంటే దాని బేస్‌ల (అక్షరాల) వరుసను రీడ్‌లనే చిన్న ముక్కలుగా చదివి, వాటిని కాంటిగ్‌లనే పొడవాటి వరుసలుగా కూర్చి, డేటాబేస్‌తో పోల్చి, పోలిక కుదిరిన ప్రతిదాన్నీ జాబితాలో వేయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. కష్టమంతా ఆ తర్వాతే ఉంది. ఆ వరుస నిజంగా వైరస్‌దేనా? వైరస్‌దే అయితే దోమలో పెరుగుతున్నదా, దోమ ఒంటిమీద ఉన్న బూజులోదా? లేక దోమ సొంత జీనోమ్‌లో ఎన్నడో అతుక్కుపోయిన పాత ముక్కా? ఈ ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పుకోకుండా పేరు పెట్టకూడదన్నది మా నియమం. ఇదే పని మొదలుపెట్టే వాళ్లకు పనికొస్తాయని అంకెలు, మార్పులు, వాటి కారణాలు ఇక్కడ రాస్తున్నాం.

దశ 1: దోమలు, పూల్‌లు

రెండు జాతులు తీసుకున్నాం: క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్, ఈడిస్ ఈజిప్టై. పూల్ అంటే కలిపి ఒకే నమూనాగా నూరే దోమల గుంపు. పూల్‌కు 20 దోమలు. క్యూలెక్స్ 14 పూల్‌లు, అన్నీ ఆడవే. ఈడిస్ 10 పూల్‌లు, అందులో 2 మగవి. పొట్టలో రక్తం కనిపించిన ఆడదోమలను పక్కన పెట్టేశాం. రక్తం ఉంటే ఆ రక్తం ఏ జంతువుదో దాని వైరస్‌లు కూడా పూల్‌లోకి వచ్చేస్తాయి. మగదోమలు రక్తం తాగవు. వాటిలోనూ కనిపించే వైరస్ రక్తంతో వచ్చిందనడానికి వీల్లేదు, అందుకే ఆ రెండు పూల్‌లు.

1. దోమలను చల్లటి పలకమీదే వేరుచేయాలి. గది వేడిలో మైక్రోస్కోపు కింద పెట్టి తీరిగ్గా చూస్తుంటే ఆర్‌ఎన్‌ఏ విరిగిపోతుంది.
2. పూల్ చేసే ముందు ఒక్కో దోమ నుంచి ఒక్కో కాలు తీసి 96 గుంటల ప్లేట్‌లో విడిగా దాచాలి.
3. మిగతా ఒళ్లు గొట్టంలో వేసి వెంటనే మైనస్ 80 డిగ్రీలకు పంపాలి.
4. నీళ్లు మాత్రమే ఉన్న రెండు గొట్టాలను మొదటి రోజు నుంచే నమూనాలతో పాటు నడపాలి. చివర్లో గుర్తొచ్చి చేర్చే ఖాళీ నమూనాకు విలువ లేదు.

కాలు దాచడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ఈ పనిలో అంతకంటే చవకైన బీమా లేదు. తర్వాత డేటా వచ్చాక ఒక క్యూలెక్స్ పూల్‌లో, జాతిని గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువు రెండు రకాలుగా కనిపించింది. రెండోది క్యూలెక్స్ విష్ణుయి గుంపుకు దగ్గరగా ఉంది. ప్లేట్‌లోని ఆ 20 కాళ్లకు ఫోల్మర్ ప్రైమర్లతో (ఆ జన్యువును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) 658 బేస్‌ల బార్‌కోడ్ చదివిస్తే, ఏ గుంటలోని దోమ వేరే జాతిదో తేలిపోయింది. ఆ పూల్‌ను పారేయలేదు. "ఈ వైరస్ ఈ జాతిది" అని చెప్పే చోట మాత్రం లెక్కలోంచి తీసేశాం. ఒక హెచ్చరిక: క్యూలెక్స్ పిపియెన్స్‌ను, క్వింక్విఫేసియేటస్‌ను సీఓఐ నమ్మకంగా విడదీయదు. అక్కడ ఏస్-2 జన్యువు పరీక్ష కావాలి.

లెక్క: 480 దోమలు, 24 పూల్‌లు, 2 ఖాళీ నమూనాలు. జాతి విషయంలో నమ్మదగ్గవి 23 పూల్‌లు.

దశ 2: ఆర్‌ఎన్‌ఏ తీయడం

ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రావకం ట్రైజాల్‌లో, 3 మిల్లీమీటర్ల స్టీలు పూసలతో నూరాం. పూల్‌లో డెంగీ, చికున్‌గున్యా, జపనీస్ ఎన్‌కెఫలైటిస్, వెస్ట్ నైల్ వంటివి ఉన్నాయో లేవో అప్పటికి తెలియదు. కాబట్టి ట్రైజాల్ పోసేదాకా గొట్టం మూత బయోసేఫ్టీ క్యాబినెట్ బయట తెరవలేదు. ఈ నాలుగింటికీ తర్వాత ఆర్‌టీ-పీసీఆర్ చేశాం, అన్ని పూల్‌లూ నెగటివ్.

ఇక్కడ రెండు అడ్డంకులు.

మొదటిది రంగు. దోమ కంటిలోని రంగు పదార్థం ఆర్‌ఎన్‌ఏతో పాటే దిగి పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. శుద్ధిని చెప్పే 260/230 కాంతి శోషణ నిష్పత్తి 0.6 దగ్గర ఆగిపోయింది. అవక్షేపాన్ని 75 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడిగి, పైన కాలమ్ శుద్ధి చేర్చాక 1.8కి వచ్చింది.

రెండోది నాణ్యత అంకె, అంటే ఆర్‌ఐఎన్. ఒక్క పూల్‌కు కూడా మంచి అంకె రాలేదు. 18ఎస్, 28ఎస్ అనేవి రైబోజోమ్‌లోని రెండు పెద్ద ఆర్‌ఎన్‌ఏలు. గ్రాఫ్‌లో 18ఎస్ దగ్గర ఒకే ఒక ఎత్తయిన శిఖరం, 28ఎస్ ఉండాల్సిన చోట చదును. చూసినవాళ్లు ఎవరైనా ఆర్‌ఎన్‌ఏ పాడైందనే అంటారు. అది పాడవడం కాదు. చాలా కీటకాల్లో 28ఎస్ ఆర్‌ఎన్‌ఏ మధ్యలో సహజంగానే ఒక కోత ఉంటుంది. రెండు సగాలూ హైడ్రోజన్ బంధాలతో అతుక్కుని ఉంటాయి. పరీక్షకు ముందు వేడిచేయగానే విడిపోయి, 18ఎస్ ఉన్న చోటికే వచ్చి దాంతో కలిసిపోతాయి. అదే నమూనాను వేడిచేయకుండా నడిపితే 28ఎస్ శిఖరం మళ్లీ కనిపించింది. కాబట్టి దోమ నమూనాను ఆర్‌ఐఎన్ చూసి తిరస్కరించకండి. శిఖరం ముందువైపు చిన్న ముక్కల గుట్ట ఎంత ఉందో చూడండి.

లెక్క: 24 పూల్‌లూ నిలిచాయి.

దశ 3: రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ వదిలించుకోవడం

దోమ ఆర్‌ఎన్‌ఏలో ఎక్కువ భాగం రైబోజోమ్‌దే, దాన్ని తీయకపోతే రీడ్‌లన్నీ దానికే పోతాయి. డబ్బంతా ఇక్కడే కరిగిపోతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

పాలీ-ఏ తోకలను (ఆర్‌ఎన్‌ఏ చివర వరుసగా ఉండే ఏ బేస్‌లను) పట్టుకుని మిగతాదంతా వదిలేసే పద్ధతిని మొదట్లోనే పక్కన పెట్టాం. ఫ్లావివైరస్‌లకు పాలీ-ఏ తోక ఉండదు, బున్యా తరహా వైరస్‌ల జీనోమ్‌కూ ఉండదు. మనం వెతికేవాటినే కాలువలో పోసినట్టవుతుంది.

తర్వాత మనిషి, ఎలుకల కోసం తయారైన తొలగింపు కిట్‌ను రెండు పూల్‌లమీద పరీక్షించాం. చిన్న సీక్వెన్సింగ్ పరుగులో చూస్తే రీడ్‌లలో 86 శాతం ఇంకా రైబోజోమ్‌వే. దోమ 28ఎస్‌లో ఆ కిట్ ప్రోబ్‌లు (రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను పట్టే డీఎన్‌ఏ ముక్కలు) అతుక్కునే వరుసలే వేరు. దాంతో ఆర్‌నేస్ హెచ్ పద్ధతికి మారాం:

1. 18ఎస్, 28ఎస్, 5.8ఎస్, మైటోకాండ్రియా 12ఎస్, 16ఎస్ వరుసలకు ఎదురుగా సుమారు 50 బేస్‌ల డీఎన్‌ఏ ముక్కలను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఖాళీ లేకుండా తయారు చేయించుకోవాలి.
2. ఆర్‌ఎన్‌ఏతో కలిపి 95 డిగ్రీల నుంచి 45కి నెమ్మదిగా దించాలి.
3. వేడికి తట్టుకునే ఆర్‌నేస్ హెచ్‌తో 45 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచాలి. డీఎన్‌ఏతో జతకట్టిన ఆర్‌ఎన్‌ఏ మాత్రమే తెగుతుంది.
4. మిగిలిన డీఎన్‌ఏ ముక్కలను డీనేస్‌తో తీసేసి, పూసలతో శుద్ధి చేయాలి.

క్యూలెక్స్‌కు రాసిన ప్రోబ్‌లతో క్యూలెక్స్ పూల్‌లలో రైబోజోమ్ వాటా 19 శాతానికి పడింది. అవే ప్రోబ్‌లను ఈడిస్‌కు వాడితే 43 దగ్గర ఆగింది. ఈడిస్‌కు విడిగా సెట్ రాయించాక 17కు దిగింది. 28ఎస్‌లోని విస్తరణ భాగాలు ప్రజాతికీ ప్రజాతికీ మధ్య బాగా మారిపోతాయి. ఒకే సెట్‌తో అన్ని దోమలకూ సరిపెట్టుకోవాలనుకోవద్దు.

లైబ్రరీలకు, అంటే సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన నమూనాలకు, రెండు చివర్లా దేనికదే ఉండే ఇండెక్స్ జతలు (ఏ రీడ్ ఏ నమూనాదో చెప్పే గుర్తు వరుసలు) వాడాం. 150 బేస్‌ల జత రీడ్‌లు.

లెక్క: 26 లైబ్రరీలు. పూల్ లైబ్రరీకి సగటున 2.8 కోట్ల రీడ్ జతలు.

దశ 4: వడపోత, కూర్పు

ఫాస్ట్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌తో అడాప్టర్లు (సీక్వెన్సింగ్ కోసం మేం అతికించిన చివర్లు), నాణ్యత తక్కువ చివర్లు తీసేశాం. సార్ట్‌మీ‌ఆర్‌ఎన్‌ఏతో మిగిలిన రైబోజోమ్ రీడ్‌లు వదిలించాం. ఆ తర్వాత అలవాటుగా అందరూ చేసే పని, దోమ జీనోమ్‌కు అతికే రీడ్‌లన్నీ తీసేయడం. ఈడిస్‌కు 2018లో వచ్చిన ఏఏఈజీ ఎల్5 జీనోమ్‌ను బోటై 2తో లోకల్ పద్ధతిలో వాడాం.

ఇది బెడిసికొట్టింది. ఈడిస్‌లో ఉండే సెల్ ఫ్యూజింగ్ ఏజెంట్ వైరస్ (ఒక ఫ్లావివైరస్) జీనోమ్ దాదాపు 10.7 వేల బేస్‌లు. ఒకే ముక్కగా రావాల్సింది మూడు ముక్కలుగా వచ్చింది. విరిగిన చోట కవరేజీ (అక్కడ అతికిన రీడ్‌ల సంఖ్య) సున్నా. కారణం వెతికితే, ఈడిస్ జీనోమ్‌లోనే ఈ వైరస్‌కు బంధువులైన పాత ముక్కలు అతుక్కుని ఉన్నాయి. వాటికి దగ్గరగా ఉన్న అసలు వైరస్ రీడ్‌లు కూడా "దోమవి" అనిపించుకుని వడపోతలో పోయాయి. ఆ మెట్టు మొత్తం ఎత్తేశాం. ఇప్పుడు రైబోజోమ్‌వి, మైటోకాండ్రియావి మాత్రమే తీసేస్తున్నాం. దోమ రీడ్‌లు ఉండిపోతాయి, కంప్యూటర్‌కు పని పెరుగుతుంది, కానీ ఆ వైరస్ ఒకే ముక్కగా వచ్చింది.

కూర్పుకు మెగాహిట్ వాడాం. 1000 బేస్‌లు దాటిన కాంటిగ్‌లను డైమండ్ బ్లాస్ట్‌ఎక్స్‌తో ప్రోటీన్ డేటాబేస్‌లో వెతికాం, ఇ-వాల్యూ (పోలిక కాకతాళీయంగా కుదిరే అవకాశాన్ని చెప్పే అంకె) హద్దు 0.00001. బ్లాస్ట్‌కు అందనంత దూరపు వాటి కోసం ఆర్‌డీఆర్‌పీ ప్రొఫైల్‌లతో హెచ్‌ఎంఎం వెతుకులాట (ఒక్క వరుసతో కాక, కుటుంబం మొత్తం నమూనాతో పోల్చడం) అదనం. ఆర్‌డీఆర్‌పీ అంటే ఆర్‌ఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే పాలిమరేజ్. రెట్రోవైరస్‌ల వంటివి మినహా ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉండే జన్యువు ఇదొక్కటే కాబట్టి, వర్గీకరణ అంతా దీని మీదే నిలబడుతుంది.

లెక్క: వైరస్ పోలిక ఉన్న కాంటిగ్‌లు 312.

దశ 5: 312లో ఏవి వైరస్‌లు కావు

మొదటి కోత సులువు. పెద్ద డీఎన్‌ఏ వైరస్‌లతో పోలిక చూపినవి చాలావరకు యుబిక్విటిన్, హీట్ షాక్ ప్రోటీన్ వంటి దోమ జన్యువులే. ఆ వైరస్‌లు వాటిని ఎప్పుడో ఆతిథేయుల నుంచి తీసుకున్నాయి. రెట్రోట్రాన్స్‌పోజాన్‌లు (జీనోమ్‌లో తమ నకళ్లను వేరే చోట్ల చేర్చుకునే ముక్కలు), బ్యాక్టీరియా ఫేజ్‌లు కూడా ఇక్కడే పోయాయి. మొత్తం 97. మిగిలినవి 215.

రెండో కోత కలుషితం. ఖాళీ నమూనాల్లోనూ కనిపించిన 9 కాంటిగ్‌లు తీసేశాం. ఇది చిన్న విషయం కాదు. 2013లో ఒక పార్వోవైరస్ తరహా జీనోమ్ హెపటైటిస్ రోగుల నమూనాల్లో కొత్త వైరస్‌గా ప్రకటితమై, అది నమూనా శుద్ధికి వాడిన సిలికా కాలమ్‌ల నుంచి వచ్చిందని అదే ఏడాది తేలింది.

ఒక లైబ్రరీ రీడ్‌లు ఇంకో లైబ్రరీ పేరు మీదికి దూకడం కూడా ఉంది. ఫాసీ చరోయెన్ లాంటి వైరస్ (ఆ దోమ వైరస్ పూర్తి పేరే ఇది) ఒక ఈడిస్ పూల్‌లో 41 లక్షల రీడ్‌లు తీసుకుంది. అదే వరుస, ఒక్క బేస్ తేడా లేకుండా, క్యూలెక్స్ పూల్‌లలో 300 నుంచి 900 రీడ్‌లతో కనిపించింది. ఆ కొద్ది రీడ్‌లతోనే కాంటిగ్ కూడా కట్టేసింది. జంట ఇండెక్స్‌లు దీన్ని బాగా తగ్గిస్తాయి గానీ పూర్తిగా ఆపలేకపోయాయి. నూరేటప్పుడు ఎగిరే తుంపర్లతో వచ్చే కలుషితాన్ని ఇండెక్స్‌లు అసలు ఆపలేవు. మేం పెట్టుకున్న నియమం: అదే పరుగులో అత్యధికంగా ఉన్న లైబ్రరీలోని సంఖ్యలో 0.1 శాతం కన్నా తక్కువ, పైగా వరుస అచ్చం అదే అయితే, లెక్కలోకి రాదు. అలా 29 పోయాయి.

లెక్క: 312 − 97 − 38 = 177.

దశ 6: దోమ జీనోమ్‌లో ఇరుక్కున్న ముక్కలు

ఈవీఈలు అనే ఈ ముక్కలు పాత ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల అవశేషాలు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ జరిగి, అంటే ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏగా మారి, దోమ క్రోమోజోమ్‌లో చేరిపోయాయి. ఈడిస్‌లో ఫ్లావివైరస్, రాబ్డోవైరస్ తరహావి దండిగా ఉన్నాయి. ఇవి ఆర్‌ఎన్‌ఏగా కూడా తయారవుతాయి, అందుకే మన డేటాలో పడతాయి. ఎన్‌ఎస్5 (ఫ్లావివైరస్‌ల పాలిమరేజ్ జన్యువు) మీద పనిచేసే, ఫ్లావివైరస్‌లన్నిటినీ వెతికే పాన్-ఫ్లావి పీసీఆర్ ఒక్కటే చేసి ఊరుకుంటే వీటినీ వైరస్‌లుగానే చూపిస్తుంది.

మేం అడిగిన ప్రశ్నలు, ఆ వరుసలోనే:

1. చదువు చట్రం (ప్రోటీన్‌గా అనువదించే భాగం) మధ్యలో స్టాప్ కోడాన్‌లు (అనువాదాన్ని ఆపే గుర్తులు), చట్రం జారడాలు ఉన్నాయా?
2. కాంటిగ్ చివర్లు దోమ వరుసలోకి వెళ్తున్నాయా?
3. అన్ని పూల్‌లలోనూ ఒకే తక్కువ స్థాయిలో ఉందా? వైరస్ ఒక పూల్‌లో లక్షల్లో ఉంటుంది, ఇంకోదాంట్లో అసలుండదు. జీనోమ్ ముక్క అంతటా ఉంటుంది.
4. డీఎన్‌ఏ నుంచి నేరుగా పీసీఆర్ వస్తుందా? ట్రైజాల్ మధ్య పొరను పారేయకుండా ఉంచితే అదే పూల్ డీఎన్‌ఏ దొరుకుతుంది.

నాలుగో పరీక్ష మీదే భారం వేయకూడదని నేర్చుకున్నాం. సెల్ ఫ్యూజింగ్ ఏజెంట్ వైరస్‌కే ఒక పూల్‌లో డీఎన్‌ఏ పట్టీ వచ్చింది. దోమలోని రెట్రోట్రాన్స్‌పోజాన్ ఎంజైమ్‌లు, నడుస్తున్న వైరస్ ఆర్‌ఎన్‌ఏ నుంచి కూడా డీఎన్‌ఏ ముక్కలు తయారుచేస్తాయి. డీఎన్‌ఏ కనిపించినంత మాత్రాన అది ఈవీఈ అని కొట్టేయలేం.

తీర్పు చెప్పింది చిన్న ఆర్‌ఎన్‌ఏలు. ఆరు పూల్‌ల నుంచి 18–35 బేస్‌ల ఆర్‌ఎన్‌ఏలకు విడిగా లైబ్రరీలు కట్టాం. వైరస్ పెరుగుతుంటే దాని జంట పోగు ఆర్‌ఎన్‌ఏను దోమ డైసర్-2 ఎంజైమ్ సరిగ్గా 21 బేస్‌ల ముక్కలుగా కోస్తుంది, రెండు పోగుల నుంచీ దాదాపు సమానంగా. ఈవీఈల నుంచి వచ్చేవి ఎక్కువగా 24–30 బేస్‌ల పై-ఆర్‌ఎన్‌ఏలు (piRNA అనే మరో రకం చిన్న ఆర్‌ఎన్‌ఏలు), అవీ వైరస్‌కు ఎదురు దిక్కువి. ఈడిస్‌లో అసలు వైరస్‌లకూ పై-ఆర్‌ఎన్‌ఏలు పుడతాయి కాబట్టి, అవి ఉన్నాయా అని కాక, 21 దగ్గర శిఖరం ఉందా లేదా అని చూడాలి. మా డేటాలో తేడా కొట్టొచ్చినట్టు ఉంది. ఫాసీ తరహా ఒక కాంటిగ్‌కు అతికిన చిన్న ఆర్‌ఎన్‌ఏల్లో 61 శాతం 21 బేస్‌లవే, పోగుల నిష్పత్తి 52:48. పక్కనే పెట్టిన ఒక రాబ్డో తరహా కాంటిగ్‌లో 21 బేస్‌లవి 4 శాతం కన్నా తక్కువ, 97 శాతం ఎదురు దిక్కువి. బ్లాస్ట్ మాత్రం ఈ రెంటికీ దాదాపు ఒకే మార్కులు వేసింది.

61 కాంటిగ్‌లను ఈవీఈలుగా తీసేశాం. అందులో ఒకటి మళ్లీ వెనక్కి వచ్చింది. 2.6 వేల బేస్‌ల ఆ కాంటిగ్ నిండా స్టాప్ కోడాన్‌లే, మొదటి ప్రశ్నకే ఓడిపోయింది. కానీ డీఎన్‌ఏ పీసీఆర్ నెగటివ్, చివర్లలో దోమ వరుస లేదు. తిరిగి చూస్తే ఆ స్టాప్‌లన్నీ యూజీఏ రకమే. బూజుల మైటోకాండ్రియా కోడ్‌లో యూజీఏ అంటే స్టాప్ కాదు, ట్రిప్టోఫాన్. ఆ పట్టికతో అనువదించగానే 700 పైచిలుకు అమైనో ఆమ్లాల చట్రం ఎక్కడా తెగకుండా వచ్చింది, ఆర్‌డీఆర్‌పీకి గుర్తయిన జీడీడీ మోటిఫ్ (చిన్న వరుస)తో సహా. అది మైటోవైరస్, బూజు మైటోకాండ్రియాలో బతికే వైరస్. అదే పూల్‌లో ఒక బూజు సీఓఐ రీడ్‌లూ ఉన్నాయి. 21 బేస్‌ల శిఖరం లేదు. కాబట్టి ఇది వైరసే గానీ దోమ వైరస్ కాదు. అప్పటినుంచి స్టాప్‌లు చూసే ప్రతి కాంటిగ్‌నూ రెండు కోడ్‌లతో అనువదిస్తున్నాం.

లెక్క: 177 − 61 + 1 = 117. ఇందులో ఆర్‌డీఆర్‌పీ ఉన్నవి 72. పూల్‌ల మధ్య ఒకేలా ఉన్నవాటిని కలిపితే 19 వైరస్‌లు. మిగిలిన 45 గ్లైకోప్రోటీన్, న్యూక్లియోప్రోటీన్ వంటి ముక్కలు, దశ 8 కోసం దాచాం.

దశ 7: వర్గీకరణ

19లో 13 వరుసలు డేటాబేస్‌లోని వాటితో బేస్‌ల స్థాయిలో 95 శాతానికి పైగా కలిశాయి. సెల్ ఫ్యూజింగ్ ఏజెంట్, ఫాసీ చరోయెన్ లాంటి వైరస్, హుమైటా-టుబియకాంగా, క్యూలెక్స్ నార్నావైరస్ 1 ఇందులోవే. మొదటిది 1975లో ఈడిస్ కణాల్లో బయటపడిన వైరస్. దాన్నీ ఫాసీ చరోయెన్ లాంటి వైరస్‌నూ మగ పూల్‌లలో కూడా చూశాం. తల్లి నుంచి గుడ్డుకు వచ్చి ఉండొచ్చు, కానీ ఈ డేటా ఒక్కటే దానికి రుజువు కాదు.

మిగిలిన 6లో కొత్తవి ఎన్ని? 95 శాతం కలవనంత మాత్రాన కొత్త జాతి కాదు. జాతి హద్దు కుటుంబానికొకటి. ఆర్థోఫ్లావివైరస్‌లలో 84 శాతానికి మించి బేస్‌లు కలిస్తే ఒకే జాతి అన్నది వాడుకలో ఉన్న కొలత. మా ఫ్లావి వరుస క్యూలెక్స్ ఫ్లావివైరస్‌తో 91 శాతం కలిసింది, అంటే అదే జాతిలోని వేరే రూపం. వుహాన్ మస్కిటో వైరస్ 6 బంధువు బేస్‌లలో 89 శాతమే అయినా, పీబీ1 ప్రోటీన్‌లో (ఆ వైరస్ ఆర్‌డీఆర్‌పీలో) 97 శాతం కలిసింది. దానికీ కొత్త పేరు అక్కర్లేదు.

మిగతావాటికి చెట్టు గీయాలి. ఆర్‌డీఆర్‌పీ ప్రోటీన్‌లను మాఫ్ట్‌తో అమర్చి, ట్రిమ్‌ఏఎల్‌తో కత్తిరించి, ఐక్యూ-ట్రీతో గీశాం. కఠినంగా కత్తిరిస్తే 180 నిలువు వరుసలే మిగిలి, ముఖ్యమైన కొమ్మల మద్దతు (ఆ కొమ్మను ఎంత నమ్మొచ్చో 100కు చెప్పే అంకె) 70 లోపే ఉండిపోయింది. సడలించి 412 వరుసలు ఉంచాక అవే కొమ్మలు 95 దాటాయి. కొమ్మల అమరిక మారలేదు, మద్దతు మాత్రమే పెరిగింది. రెండూ చూసుకున్నాకే నమ్మాం.

- ఫాసీ తరహాది: ఫెన్యుయివిరిడే కుటుంబం, ఫాసివైరస్ ప్రజాతి పక్కన. దగ్గరి బంధువుతో ఆర్‌డీఆర్‌పీ 78 శాతం. ఈ కుటుంబంలో హద్దు 95, కాబట్టి కొత్త జాతికి అర్హత ఉంది.
- నెగెవైరస్ తరహాది: 9.3 వేల బేస్‌లు, మూడు చట్రాలు, పాలీ-ఏ తోక. దగ్గరి బంధువుతో 62 శాతం.
- మైటోవైరస్: బూజుది అని రాసి విడిగా పెట్టాం.
- నాలుగోది ఎక్కడా కుదరలేదు. దగ్గరి పోలిక 31 శాతం, ఏ, బీ, సీ మోటిఫ్‌లు మూడూ ఉన్నాయి, 21 బేస్‌ల శిఖరం స్పష్టంగా ఉంది. దోమ వైరసే. ఏ కుటుంబమో చెప్పేంత మద్దతు ఏ చెట్టులోనూ రాలేదు కాబట్టి, రైబోవిరియా (ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లుండే అతి పెద్ద విభాగం), వర్గీకరించనిది అని మాత్రమే రాశాం.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఫ్లావివైరస్ ప్రజాతి 2023లో ఆర్థోఫ్లావివైరస్ అయింది, బున్యావైరలీస్ క్రమం 2024లో తరగతి స్థాయికి ఎదిగింది. పట్టికలో ప్రతి పేరు పక్కన టాక్స్-ఐడీ (డేటాబేస్ ఆ పేరుకు ఇచ్చే సంఖ్య), చూసిన తేదీ రాయకపోతే ఏడాది తిరక్కుండానే పాత ఫైలు, కొత్త ఫైలు కలవవు.

లెక్క: 19 వైరస్‌లు. తెలిసినవి 15, కొత్తవి 4. ఆ నాలుగింటిలో దోమవి 3.

దశ 8: తప్పిపోయిన ముక్క

ఫాసివైరస్‌ల జీనోమ్ ఎల్, ఎం, ఎస్ అని మూడు ముక్కలు. మాకు బ్లాస్ట్‌లో దొరికింది ఎల్ ఒక్కటే, 5 క్యూలెక్స్ పూల్‌లలో. దశ 6లో దాచిన 45 కాంటిగ్‌లను, దేనితోనూ పోలిక లేక వదిలేసిన వాటిని కలిపి, సరిగ్గా ఆ 5 పూల్‌లలోనే ఉండి మిగతా చోట్ల లేనివి ఏవని వెతికాం. 1.3 వేల బేస్‌ల ఒక కాంటిగ్ కుదిరింది. రీడ్‌ల సంఖ్య కూడా ఎల్‌తో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉంది. రెండింటి చివర్లూ ఒకేలా ఉన్నాయి. అది ఎస్. జాతి తేడా వచ్చిన పూల్ ఈ అయిదింటిలో లేదు.

ఎం ఇంకా దొరకలేదు. గ్లైకోప్రోటీన్‌లు మిగతావాటికంటే వేగంగా మారిపోతాయి, కాబట్టి బ్లాస్ట్ పట్టుకోలేకపోవచ్చు. కవరేజీ తక్కువై 1000 బేస్‌ల హద్దు కింద ముక్కలుగా ఉండిపోయిందేమో అని హద్దును 400కి దించి చూశాం. 5 పూల్‌లలో 3 చోట్ల మాత్రమే ఉన్న రెండు ముక్కలు వచ్చాయి, రెండూ దోమవే.

ఇప్పుడు దారి మార్చాం. ఒకే వైరస్ ముక్కలన్నీ ఒకే చివరలు పంచుకుంటాయి. కాబట్టి ఎల్, ఎస్‌ల ఉమ్మడి చివరి బేస్‌ల మీద ఒకే ప్రైమర్ రాయించి, రీడ్‌లు ఎక్కువున్న పూల్ ఆర్‌ఎన్‌ఏ మీద ఆర్‌టీ-పీసీఆర్ చేస్తున్నాం. ఎల్ పొడవుకు, ఎస్ పొడవుకు మధ్య మూడో పట్టీ వస్తే దాన్ని కోసి సీక్వెన్స్ చేస్తాం. రాకపోతే ఈ వైరస్‌ను ఎల్, ఎస్‌లతోనే, ఎం లేదని స్పష్టంగా రాసి, ముడి రీడ్‌లతో సహా డేటాబేస్‌కు పంపుతాం.